హెడ్విగ్ అని పిలిచేవాళ్ళు

తల్దిసాయి గ్రామ కార్యాలయంలో నేను ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, పెళ్ళితో మారిన ఇంటిపేర్లు అన్నీ నా చేత్తోనే రాశాను. ఒక పేరు మారిస్తే మనిషికి ఏమవుతుందో ఆ రోజుల్లో ఆలోచించలేదు. కాగితం అడిగితే ఇచ్చేదాన్ని, సంతకం పెడితే ముద్ర వేసేదాన్ని. కానీ ఒకే మనిషి పేరును రెండుసార్లు మార్చింది మాత్రం ఒక్కసారే. ఆ పేరు హెడ్విగ్.

ఆ పేరు మా ఇంటికి మొదట వచ్చేసరికి నాకు నాలుగేళ్ళు. 1941 శరత్కాలం చివర. వోల్గా నది ఒడ్డున నూటడెబ్బై ఏళ్ళకు పైగా కాపురాలు చేసుకుంటున్న జర్మన్లందరినీ, జర్మన్ సైన్యం దండెత్తి వచ్చింది కదా, దానికి తోడుపోతారేమో అని, పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి తెచ్చి, తూర్పున ఎంతో దూరంలో ఉన్న మా గడ్డిమైదానాల్లో దింపారు. మా ఊరికి ఇరవై రెండు కుటుంబాలు వచ్చాయి. ఇంటికొకటి చొప్పున పంచారు. మా మట్టి ఇంటికి డాలింగర్ వాళ్ళు వచ్చారు. బడిపంతులు గాట్లీబ్, ఆయన భార్య, పదిహేడేళ్ళ కూతురు హెడ్విగ్. మా అమ్మ బల్జాన్‌కి వాళ్ళ మాట ఒక్కటి కూడా అర్థంకాలేదు. పొయ్యి పక్క చోటు చూపించి, టీలో పాలు పోసి ఇచ్చిందట.

ఆ చలికాలంలోనే పంతులుగారిని నిర్బంధ పనికి పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. మరుసటి ఏడాది హెడ్విగ్‌ని కరగండా బొగ్గుగనులకు తీసుకుపోయారు. తల్లి ఒక్కతీ మా ఇంట్లో మిగిలింది. రెండో చలికాలానికి ఆమె కూడా పోయింది. నేల రాయిలా గడ్డకట్టి ఉంటే అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ పిడకల మంట పెట్టి, మట్టి కరిగించుకుంటూ, రెండు రోజులు తవ్వి పూడ్చిపెట్టారు. ఆ సంగతి గనిలో ఉన్న కూతురికి తెలియడానికి ఏడాది పట్టింది.

1948లో హెడ్విగ్ తిరిగి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ మనిషి నోట్లో సగం పళ్ళు లేవు. వెళ్ళడానికి వేరే చోటు లేక మా ఇంటికే వచ్చింది. పాడిపశువుల షెడ్డులో పాలు పితికే పని ఇచ్చారు. నెలకోసారి, జర్మన్లని కాపలా కాసే కమాండెంటు ముందు నిలబడి, పారిపోలేదని సంతకం పెట్టి రావాలి. పక్క ఊరికి పోవాలన్నా చీటీ రాయించుకోవాలి. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆమెను ఆపా అనేదాన్ని, అంటే మాలో పెద్దవాళ్ళైన ఆడవాళ్ళని పిలిచే పిలుపు.

ఒక సాయంత్రం అమ్మ నూనెలో బౌర్సాకులు, అంటే పిండి ఉండలు, వేయిస్తోంది. బడిలో ఎవరి పేరుకి అర్థం వాళ్ళు కనుక్కు రమ్మన్నారు.

"నాది వెలుగు," అన్నాను గొప్పగా. "నీది ఏంటి ఆపా?"

"యుద్ధం," అంది హెడ్విగ్ ఆపా.

"మొత్తం అదేనా?"

"ముందు సగం యుద్ధం. వెనక సగం కూడా యుద్ధమే. మా పాత భాషలో దానికి రెండు మాటలున్నాయి. రెండూ తెచ్చి అతికించారు. మా నాన్న చెప్పేవాడు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం మనుషులే మీరు! ఆడపిల్లకి పెట్టే పేరేనా అది? పైగా ఒకసారి చాలదన్నట్టు!"

"మరి మీ చెల్లెలి పేరేంటి, బల్జాన్ ఆపా?"

అమ్మకి నవ్వు ఆగలేదు. మా పిన్ని పేరు ఉల్‌బోల్సిన్. 'ఈసారైనా మగపిల్లాడు పుట్టాలి' అని దాని అర్థం. మా తాతకి ఆవిడ వరసగా ఐదో ఆడపిల్ల.

"సర్లే తల్లీ," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "దానికంటే యుద్ధమే నయం."

అప్పుడు హెడ్విగ్ ఆపా చెప్పింది. వాళ్ళలో అర్థం చూసి ఎవరూ పేరు పెట్టరట. ఆ పేరుతో ఇంట్లో ఎవరు బతికారో చూస్తారట. ఆమెది వాళ్ళ నాన్నమ్మ పేరు. కోడిని కోయాలన్నా పక్కింటివాణ్ణి పిలిచేంత మెత్తని మనిషట ఆవిడ. వాళ్ళ ఊరి చర్చి పుస్తకంలో డాలింగర్ల ఇంట ఎనిమిది మంది హెడ్విగ్‌లున్నారని తండ్రి వేలు పెట్టి చూపించాడట.

"నేను తొమ్మిదోదాన్ని," అంది. "గనిలో ఐదేళ్ళు నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదే రౌషన్. 'ఏయ్ ఫాసిస్టూ' అనేవాళ్ళు. నువ్వు పిలువు. 'హ' మాత్రం గట్టిగా అనాలి."

నేను గట్టిగానే అన్నాను. పొయ్యి దగ్గర పిల్లి లేచి పారిపోయింది.

ఊళ్ళో మిగతావాళ్ళకి ఆ 'హ'తోనే చిక్కు. రష్యన్ అక్షరాల్లో అలాంటి 'హ' లేదు. ఆ చోట 'గ' రాస్తారు. అందుకని కాగితాల్లో ఆమె గెద్విగా. షెడ్డులో పాలుపితికే ఆడవాళ్ళకి అది కూడా నోరు తిరగక గాల్యా అన్నారు. పిలిస్తే పలికేది. ఏ పేరుకైనా పలికేది.

రెండేళ్ళ తర్వాత స్తెపాన్ క్రూతికొవ్‌ని చేసుకుంది. రష్యన్ వాడు, ట్రాక్టరు డ్రైవరు. యుద్ధంలో కుడిచేతి రెండు వేళ్ళు పోగొట్టుకుని వచ్చాడు. అలాంటివాడు జర్మన్ పిల్లని చేసుకోవడమేమిటని ఊళ్ళో గుసగుసలు. అతను పట్టించుకోలేదు. 1952 మార్చిలో ఆడపిల్ల పుట్టింది. పేరు రాయించడానికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నారు. పసిబిడ్డను ఎత్తుకున్నది నేనే.

అప్పటి కార్యదర్శి ప్రొహోర్ ఇల్లరియోనవిచ్ అనే ముసలాయన. కలం సిరాలో ముంచి, "చెప్పండి," అన్నాడు.

"హెడ్విగ్," అంది ఆపా.

"నీ పేరు అడగలేదమ్మా. పిల్ల పేరు."

"పిల్ల పేరే."

ఆయన కలం పక్కన పెట్టాడు. "చూడు గాల్యా, నేను నీ మంచి కోరి చెప్తున్నాను. యుద్ధమై ఏడేళ్ళే అయింది. ఈ ఊళ్ళో మగదిక్కు పోని ఇల్లు లేదు. రేపు ఈ పిల్ల బడికి పోతే ఈ పేరు పెట్టి పిలవగానే ఏమవుతుందో నీకు తెలీదా? గలీనా అని రాస్తాను. చక్కగా ఉంటుంది. ముద్దుగా అంటే గాల్యాయే, నిన్ను ఎలాగూ అలాగే పిలుస్తున్నారు కదా."

"నన్ను పిలుస్తున్నారని దానికెందుకు? నాకు అమ్మ లేదు, నాన్న లేడు, ఇల్లు లేదు. ఈ పేరు ఒక్కటే మిగిలింది. అదే రాయండి."

ముసలాయన స్తెపాన్ వైపు చూశాడు. "నువ్వైనా చెప్పవయ్యా."

స్తెపాన్ వేళ్ళులేని చెయ్యి బల్ల మీద పెట్టాడు. "ఈ రెండు వేళ్ళూ జర్మన్ వాడి గుండుకే పోయాయి. వాడికే భయపడలేదు, పసిపిల్ల పేరుకి భయపడతానా? రాయి, తాతా."

గెద్విగా స్తెపానొవ్నా క్రూతికొవా అని రాశాడు. ఆపా ఆ రోజు దారంతా నవ్వుతూ వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

స్తెపాన్ బతికి ఉంటే వేరేగా ఉండేదేమో. పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, ఏప్రిల్‌లో, మెత్తబడిన మంచు మీద ఏరు దాటబోయి ట్రాక్టరుతో సహా మునిగిపోయాడు. అండగా ఉన్న ఆ మనిషి పోగానే ఊరికి నోళ్ళు వచ్చాయి. బడిపిల్లలకి హిట్లర్ పేరు కూడా 'గ'తోనే వస్తుంది, గిట్లెర్ అని. "గెద్విగా, గిట్లెర్! గెద్విగా, గిట్లెర్!" అని పాట కట్టారు. చలికాలంలో మంచుముద్దల్లో రాళ్ళు పెట్టి కొట్టేవాళ్ళు. ఒకరోజు చెవి దగ్గర చీరుకుపోయి రక్తం కారుతూ వచ్చింది. నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను.

ఆపా వేడినీళ్ళతో కడుగుతుంటే పిల్ల అడిగింది. "నాకీ పేరెందుకు పెట్టావు?"

"మా నాన్నమ్మది."

"దానికి అర్థం ఏంటి?"

ఆపా చెప్పింది. అబద్ధం ఆడితే పోయేది. అందమైన పువ్వు పేరో, చుక్క పేరో అని ఏదో ఒకటి చెప్పి ఉంటే సరిపోయేది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే వాళ్ళన్నది నిజమే," అంది ఆ తొమ్మిదేళ్ళ పిల్ల. "మొదలుపెట్టింది మనమే."

ఆపా గుడ్డ పిండి, మళ్ళీ తుడిచింది.

అయినా ఆ పిల్ల ఓర్చుకుంది. చదువులో ముందుండేది, గొంతు గంటలా ఉండేది. 1965లో, యుద్ధం గెలిచిన విజయదినం ఇరవయ్యో ఏడు. దేశమంతా పెద్దగా చేయమన్నారు. మా ఊరి క్లబ్బు ముందు వేదిక కట్టి, మొదటిసారి మైకు తెచ్చారు. యుద్ధంలో పోయిన ఊరివాళ్ళ పేర్లు వరసగా చదవాలి. పదమూడేళ్ళ గెద్విగాని ఎంచి, రెండు నెలలు తయారుచేయించారు. నూట పద్నాలుగు పేర్లు ఆ పిల్లకి చూడకుండా వచ్చు. ఆపా తెల్ల జాకెట్టు కుట్టింది.

ముందురోజు సాయంత్రం టీచరమ్మ జోయా మిఖాయిలొవ్నా వాళ్ళింటికి వచ్చింది. చెడ్డమనిషి కాదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"గెద్విగా, నువ్వు వెనక గుంపులో నిలబడి పాడుదువుగాని. పేర్లు తోన్యా చదువుతుందిలే."

"తోన్యాకి సగం కూడా రావండీ!"

"కాగితం చూసి చదువుతుంది. విను, బంగారం. చదివేముందు మైకులో నీ పేరు చెప్పాలి కదా. ముందు వరసలో కొడుకులు పోయిన తల్లులు కూర్చుంటారు. వాళ్ళ చెవిన మొదట ఆ పేరు పడితే ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పు."

మర్నాడు తోన్యా తడబడుతూ చదివింది. పద్నాలుగో పేరు దగ్గర తప్పు చదివింది కూడా. గెద్విగా వెనక వరసలో తెల్ల జాకెట్టుతో నిలబడి, పెదవులు కదుపుతూ, ఆ పేర్లన్నీ తనలో తాను చదువుకుంది. అందరికీ కనబడింది. ఆ పేర్లలో చాలా మందిని చంపిన వాళ్ళతో ఆ పిల్లకి సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

పదహారు నిండినవాళ్ళకి గుర్తింపుగా, జాతి రాసిన పాస్‌పోర్టు ఇచ్చేవాళ్ళు. పదహారు నిండిన వారానికి ఆ పిల్ల నా కార్యాలయానికి వచ్చింది. అప్పటికి ప్రొహోర్ ముసలాయన పోయి ఎనిమిదేళ్ళు, ఆ కుర్చీలో నేనున్నాను.

"రౌషన్ ఆపా, పేరు మార్చుకునే కాగితం ఇవ్వు. గలీనా అని. పాస్‌పోర్టు దరఖాస్తులో జాతి దగ్గర రష్యన్ అని రాయి. నాన్న రష్యనే కదా, నా ఇష్టం కదా."

"జాతి నీ ఇష్టమే. పేరుకి మాత్రం మీ అమ్మ సంతకం కావాలి. నీకింకా పద్దెనిమిది రాలేదు."

"తీసుకొచ్చాను. బయట ఉంది."

ఆపా షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది. రబ్బరు బూట్లకి పేడ. లోపలికి వచ్చి కూర్చోలేదు. "ఎక్కడ పెట్టాలి?" అంది.

"ఆపా, ఒక్కసారి ఆలోచించు. రెండేళ్ళు ఆగితే దాని బుద్ధి మారొచ్చు."

"ఆ రెండేళ్ళూ అది ఏడవాలా?"

"నేనేం ఏడవట్లేదు," అంది కూతురు. "నాకా పేరు అక్కర్లేదు, అంతే. అంత ముద్దయితే నువ్వే ఉంచుకో. నాదీ నువ్వే తీసుకో. నీ పేరులో ఎలాగూ అన్నీ రెండేసి కదా!"

గదిలో ఇంకెవరూ లేకపోవడం మంచిదైంది. ఆపా కలం అందుకుంది. "కమాండెంటు దగ్గర ఎనిమిదేళ్ళు నెలనెలా పెట్టాను," అంది నాతో. "ఇదొక్కటి ఎక్కువవుతుందా?" పెట్టింది.

నేను జనన పుస్తకం తీసి, ప్రొహోర్ రాసిన వరస పక్కన అంచులో గలీనా అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టాను. కూతురు మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తింది. ఆపా వెళ్తూ ఒక్క మాట అడిగింది.

"పాతది చెరిపేస్తారా?"

"చెరపం. ఉంటుంది."

"సరే," అని వెళ్ళింది. పశువులకి నీళ్ళు పెట్టే వేళైంది.

గలీనా కరగండాకి వెళ్ళి చదువుకుంది. 1974లో అక్కడే పెళ్ళి. పెళ్ళికొడుకు వదీమ్ తండ్రి గనుల్లో పెద్ద అధికారి. పెళ్ళికి నేనూ ఆపా కలిసి బస్సులో వెళ్ళాం. ఆపా ముందురోజు పిండితో, వెన్నతో, పైన పొడిపొడిగా చల్లి, వాళ్ళవాళ్ళు చేసే కేకు చేసి గుడ్డలో కట్టింది.

హోటలు గుమ్మం దగ్గర గలీనా మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళింది. తెల్లగౌనులో ఎంత బాగుందో. "అమ్మా, ఒక్కటి అడుగుతాను, కాదనకు. లోపల మాట్లాడకు. నీ యాస వినగానే తెలిసిపోతుంది. వదీమ్‌కి తెలుసు. వాళ్ళ అమ్మానాన్నలకి తెలీదు. తర్వాత నెమ్మదిగా చెప్తాను." గుడ్డమూట చూసి, "అది రౌషన్ ఆపా చేసిందని చెప్తాలే," అంది.

ఆపా నాలుగు గంటలు కూర్చుంది. అందరూ లేచినప్పుడు లేచి, గ్లాసు ఎత్తినప్పుడు ఎత్తింది. వియ్యపురాలు రెండుమూడుసార్లు పలకరించింది. చివరికి కోడలి వైపు వంగి అడిగింది.

"పాపం, మీ అమ్మగారికి చెవుడా?"

"అవునండీ," అంది గలీనా. "కుర్రతనంలో గనిలో పనిచేసింది. పేలుళ్ళ శబ్దానికి పోయింది."

నేను ఆపా ముఖం చూశాను. వినబడింది. వినబడనట్టే సలాడ్ తింటోంది. గనిలో ఐదేళ్ళు ఆమె ఏం చేసిందో అడిగి తెలుసుకోని కూతురు, ఆ గనినే తెచ్చి ఆమె నోటికి తాళం వేసింది. తిరుగు బస్సులో సగం దారికి వచ్చాక ఆపా, "చేపలో ఉప్పెక్కువైంది," అంది. అంతే.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో గలీనా ఏడుసార్లు వచ్చింది. పిల్లల్ని రెండుసార్లు తెచ్చింది. 'నెమ్మదిగా చెప్తాను' అన్నది ఎప్పటికీ చెప్పలేదు.

దేశం ముక్కలైంది. మా ఊళ్ళో రోజుకి రెండు గంటలు కరెంటు, బొగ్గు లేదు, జీతాలు లేవు. జర్మన్లు ఇళ్ళకి తాళాలు వేసి, పూర్వీకుల దేశానికి వెళ్ళిపోతున్నారు. 1995 ఆగస్టులో గలీనా దిగింది. చాక్లెట్ల పెట్టె, అమ్మకి శాలువా. వదీమ్ పని పోయిందట. అక్కడికి వెళ్ళడానికి ఆమె తన పేరు మీద పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చిందట. పదహారేళ్ళకి తనంతట తానే రష్యన్ అని రాయించుకున్న మనిషి జర్మన్ ఎలా అవుతుందని అడిగారట. ఇక మిగిలింది తల్లి. తల్లి వెళ్తానంటే ఆమె వెంట కుటుంబమంతా వెళ్ళొచ్చు.

మర్నాడే నా దగ్గరికి వచ్చింది. "రౌషన్ ఆపా, నా పాత పేరు పుస్తకంలో ఉందా?"

"ఉంది."

"మళ్ళీ అది కావాలి. కాగితాలన్నీ ఒకే తీరుగా ఉంటే మంచిదన్నారు. తల్లీ హెడ్విగ్, కూతురూ హెడ్విగ్. చూడగానే నమ్ముతారు."

"నీకిష్టమేనా?"

"ఇష్టమేంటి ఆపా? పిల్లలకి తిండి కావాలి."

కాదనడానికి లేదు, ఆమెకి హక్కుంది. అంచులో ముందు రాసిన నా అక్షరాల కింద మళ్ళీ రాశాను.

భాషపరీక్ష ఉంటుందన్నారు. గలీనా మూడు వారాలు తల్లి దగ్గర ఉండి నేర్చుకుంది. పుట్టిన నలభై మూడేళ్ళకి తల్లిభాష మొదలుపెట్టింది. నేను సాయంత్రాలు టీకి వెళ్ళి వినేదాన్ని.

"పేరు ఏమిటని అడుగుతారు," అంది ఆపా. "చెప్పు."

"గెద్విగ్."

"గ కాదు. హ. ఊపిరి వదులు. కొవ్వొత్తి ఆర్పినట్టు."

"ఖెద్విగ్."

"గొంతు గీరుకోకు. ఊరికే వదిలెయ్. హ."

గలీనా విసుగ్గా పెన్సిలు విసిరింది. "ఒక్క అక్షరానికి ఇంత గొడవా! సరే, పేరుకి అర్థం అడిగితే ఏం చెప్పాలి? ఏదో ఉందిగా?"

"నీకు తొమ్మిదేళ్ళప్పుడు చెప్పాను."

"గుర్తులేదమ్మా. రాసిపెట్టుకుంటాను, చెప్పు."

ఆపా ఆమె చెవి వైపు చూసింది. జుట్టు కింద ఆ మచ్చ ఇంకా ఉంది. "వాళ్ళు అడగరు," అంది. "వాళ్ళకి తెలుసు."

ఆ రాత్రి కూతురు పడుకున్నాక నేను ఆపాను అడిగాను. "ఎందుకు వెళ్తున్నావు? డెబ్బై ఒకటి నిండాయి. ఇక్కడ నేనున్నాను."

"నలుగురు బతుకుతారు. అదొకటి. రెండోది నువ్వు నవ్వుతావు."

"నవ్వను."

"ఈ ఊళ్ళో నా పేరు సరిగ్గా పలికేది నువ్వొక్కదానివే. అక్కడ ఊరంతా పలుకుతుంది. పోస్టుమనిషి, రొట్టెలమ్మే ఆవిడ, దారినపోయేవాళ్ళు. కొన్నాళ్ళు ఆ ముచ్చట తీరితే చాలు."

నేను నవ్వలేదు.

పరీక్ష కరగండాలో. ప్రశ్నలడిగే కుర్రవాడు ఆపాని క్రిస్మస్ ఎలా చేసుకునేవాళ్ళని అడిగాడట. ఆమె అరగంట చెప్పిందట. మధ్యలో అతను లేచి పక్కగదిలోవాళ్ళని పిలుచుకొచ్చి, "ఈ మాటలు వినండి, మా ముత్తాతల నాటివి" అని నవ్వాడట. పాసయింది. 1996 అక్టోబరులో వెళ్ళిపోయారు.

మొదటి ఉత్తరం డిసెంబరులో వచ్చింది. చేరిన వెంటనే ఒక పెద్ద భవనంలో వరసలో నిలబెట్టి, కోరుకున్నవాళ్ళకి పేర్లని జర్మన్ పద్ధతిలో సరిచేసి ఇచ్చారట. బల్ల వెనకున్న అమ్మాయి ఆపా కాగితం చూసి, "హెడ్విగ్" అని చదివింది. 'రౌషన్, ఎంత తేలిగ్గా అందో. నేను మళ్ళీ అనమన్నాను. అంది,' అని రాసింది.

తర్వాత కూతురి వంతు. ఆ అమ్మాయి నవ్వి, "ఇద్దరూ హెడ్విగ్‌లేనా? అది మా ముత్తవ్వ పేరు. ఈ రోజుల్లో ఎవరూ పెట్టుకోరండీ," అందట. మర్యాదగానే అందట. గలీనా ఇంకేదైనా రాయించుకోవచ్చా అని అడిగింది. గోడమీద వేలాడుతున్న పేర్ల పట్టీలోంచి హెల్గా అని వేలు పెట్టి చూపించింది. తల్లి పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. ఉత్తరంలో దీని గురించి ఇంకేమీ లేదు. తర్వాతి వాక్యం అక్కడి బంగాళాదుంపల గురించి.

మొత్తం పదకొండు ఉత్తరాలు వచ్చాయి. నాలుగోదాంట్లో ఇలా రాసింది. 'ఇక్కడ పెద్దవాళ్ళని ఇంటిపేరుతో పిలుస్తారు. మా నాన్న కాలంలో కూడా అంతే, నేనే మర్చిపోయాను. నన్ను శ్రీమతి క్రూతికొవ్ అంటారు. పోస్టుమనిషి, డాక్టరు, కింది ఇంటివాళ్ళు అందరూ. రష్యన్ ఇంటిపేరు కదా, రష్యన్ ముసలమ్మ అని కూడా అంటారు. నా పేరు కాగితంలో సరిగ్గా ఉంది. పిలవడానికి స్నేహితులుండాలి. ఈ వయసులో ఎవరు దొరుకుతారు? పిల్లలు అమ్మమ్మ అంటారు. నీ దగ్గర ఫోను పెట్టించుకుంటే చెప్పు.'

మా ఊరికి ఫోను లైను తెగిపోయి అప్పటికి ఐదేళ్ళు. తీగ దొంగలు కోసుకుపోయారు. మళ్ళీ వేసేసరికి 2001. వేసిన రెండో నెలలో హెల్గా ఫోను చేసింది.

"రౌషన్ ఆపా, అమ్మ పోయింది. మూడు వారాలైంది."

నాకు కూర్చోవడానికి ఏదీ దొరకలేదు. నిలబడే అడిగాను. "ఎక్కడ పెట్టారు? రాయి మీద ఏం రాయించావు?"

"రాయి లేదు ఆపా. ఇక్కడ గడ్డిమైదానం ఒకటి ఉంటుంది. బూడిద దాని కింద పెడతారు. పేర్లు ఉండవు. శుభ్రంగా, పచ్చగా ఉంటుంది. చూసుకునే పని ఉండదు. మేమిద్దరం రెండు షిఫ్టులు చేస్తున్నాం, సమాధి ఎవరు చూస్తారు?"

"పేరు లేదా?"

"ఎవరిదీ ఉండదు ఆపా. చాలామంది ఇలాగే చేస్తున్నారు."

ఆమె రష్యన్‌కి ఇప్పుడు జర్మన్ యాస వచ్చింది. ఏడ్చిందో లేదో తెలీదు. తర్వాత అడిగింది.

"నీకు ఉత్తరాలు రాసేదిగా. నా గురించి ఏమైనా రాసిందా?"

పదకొండు ఉత్తరాలూ నాకు నోటికి వచ్చు. బంగాళాదుంపలు ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, మనవడి పళ్ళకి వేసిన తీగ ఉంది. కూతురి మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఒక్క మంచిమాటా లేదు. 'నిన్ను తలుచుకునేది' అని ఒక్క ముక్క అనొచ్చు. అంతదూరం నుంచి అడుగుతున్న నలభై తొమ్మిదేళ్ళ మనిషి. చెవి దగ్గర మచ్చ ఉన్న పిల్ల. తెల్ల జాకెట్టులో పెదవులు కదిపిన పిల్ల. అంతా గుర్తుంది నాకు.

"లేదు," అన్నాను. "ఏమీ రాయలేదు."

ఆమె ఫోను పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. అబద్ధం చెప్పి ఉండాల్సిందని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఆ పూట మాత్రం చెప్పబుద్ధి కాలేదు.